హైదరాబాద్ నుంచి కొలిచిన విపత్తుల పటం: మేడమీది ప్రాజెక్టు డైరీ

ఇదే పని ఇంకెవరైనా చేయబోతే నా చేతిలో పాడైన ఆదివారాలు, ఒక ఫ్లెక్సీ ఖర్చు వాళ్ళకు మిగలాలని ఇది రాస్తున్నాను. మాది రామంతాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. 3 నుంచి 7వ తరగతి దాకా చదివే పిల్లలు 14 మంది ఆదివారం పొద్దున మేడమీదికి వస్తారు. భూకంపాలు, తుఫాన్లు, వరదలు, వడగాలులు ఎక్కడెక్కడ వస్తాయో, అక్కడే ఎందుకు వస్తాయో నేర్పాలన్నది పని.

దశ 1: ప్రపంచ పటం, ఏప్రిల్ 6, 2025

నాలుగడుగుల వెడల్పు ప్రపంచ పటం ప్రింటు తీయించి, స్టిక్కర్లు పిల్లల చేతికిచ్చాను. 40 నిమిషాల్లో అతికించేశారు. అందరూ సంతోషంగా ఉన్నారు, నేనూ ఉన్నాను. తర్వాత తలా ఒక చీటీ ఇచ్చి ఒకటే ప్రశ్న అడిగాను: మన ఇంటికి దగ్గర్లో ఏ విపత్తు వస్తుంది, ఎక్కడ?

తొమ్మిది మంది జపాన్ అని రాశారు. ఇద్దరు అమెరికా. ఇద్దరు "మన దగ్గర రాదు". ఒక్క అమ్మాయి మాత్రం వైజాగ్ అని రాసింది.

నాలుగు నెలల కిందటే, 2024 డిసెంబరు 4న ఉదయం 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మా ఇళ్ళలోనూ ఫ్యాన్లు ఊగాయి. అయినా ఒక్కరికీ గుర్తు రాలేదు. తప్పు పిల్లలది కాదు, పటానిది. ఆ పటం మీద 1 సెం.మీ. అంటే దాదాపు 330 కి.మీ. ములుగుకూ మనకూ మధ్య 7 మిల్లీమీటర్లు కూడా లేదు, ఒక్క స్టిక్కరు రెండింటినీ కప్పేసింది. జపాన్ మీద మాత్రం అరడజను స్టిక్కర్లు మెరుస్తున్నాయి.

మార్చింది: పటం మన కాళ్ళ దగ్గర మొదలవ్వాలి. పిల్లలు దాని మీద నడవాలి. ఏ ఊరు చూపించినా "హైదరాబాద్ నుంచి ఎన్ని సెంటీమీటర్లు?" అని టేపు పెట్టి కొలవాలి.

ఖర్చు 410 రూపాయలు. సమయం 6 గంటలు.

దశ 2: నేల పటం, ఏప్రిల్ 12 నుంచి 20

పాత హోర్డింగు ఫ్లెక్సీలు, 12×6 అడుగులవి రెండు తెచ్చి, వెల్క్రోతో కలిపి 12×12 చేశాను. 1 సెం.మీ.కి 10 కి.మీ. పెట్టుకుంటే లెక్క సులువు కదా అని ఎనామిల్ పెయింటుతో దేశం మొత్తం గీసేశాను. రెండు తప్పులు ఒకేసారి జరిగాయి.

మొదటిది, కొలత. 2004 సునామీ పుట్టిన సుమత్రా చోటు ఉత్తర అక్షాంశం 3.3 డిగ్రీల దగ్గర ఉంది. నా షీటు 4 డిగ్రీల దగ్గరే అయిపోయింది. ఆ చోటు షీటు దాటి, గచ్చు మీద 9 సెం.మీ. అవతల పడింది. దేశాన్ని పెద్దగా గీయాలన్న ఆశలో సముద్రానికి చోటు వదల్లేదు. మనకొచ్చే తుఫాన్లన్నీ పుట్టేది సముద్రంలోనే.

రెండోది, పెయింటు. రాత్రి మడత పెట్టి పొద్దున విప్పితే మడత పొడవునా ఎండిన చెరువు మట్టిలా బీటలు. చేత్తో తడిమితే పెచ్చులు ఊడి వచ్చాయి.

రెండో ఫ్లెక్సీ జత కొని మళ్ళీ చేసిన విధానం ఇది:

1. వెనకవైపు తెల్లగా ఉన్న ఫ్లెక్సీ అడిగి తీసుకోవాలి. కొన్నిటికి వెనక నల్లగా ఉంటుంది, దాని మీద గీత కనపడదు.
2. స్కేలు 1 సెం.మీ.కి 12 కి.మీ. అప్పుడు 3 నుంచి 37 డిగ్రీల అక్షాంశాలకు 315 సెం.మీ. చాలు. షీటు 366 సెం.మీ. కాబట్టి పైనా కిందా చెరో 25 సెం.మీ. మిగులుతాయి.
3. గళ్ళు: అక్షాంశం డిగ్రీకి 9.25 సెం.మీ., రేఖాంశం డిగ్రీకి 8.7 సెం.మీ. ముగ్గు అద్దిన నూలు దారాన్ని ఇద్దరు చెరో వైపు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గీత తిన్నగా పడుతుంది.
4. స్కూలు అట్లాసు చూసి తీరం మీద, సరిహద్దు మీద 64 చోట్ల అక్షాంశ రేఖాంశాలు నోటుబుక్కులో రాసుకుని, గళ్ళలో చుక్కలు పెట్టి, పర్మనెంట్ మార్కరుతో కలపాలి.
5. మడత పెట్టకూడదు. ఆరున్నర అడుగుల పీవీసీ పైపుకు చుట్టాలి. లిఫ్టులో పట్టదు, మెట్ల మీద మోసుకెళ్ళాలి.

ఒక లోపం తెలిసే ఉంచాను. రేఖాంశాల మధ్య దూరం ఉత్తరానికి పోయేకొద్దీ తగ్గాలి, నా గళ్ళలో తగ్గదు. దక్షిణాన ఇబ్బంది లేదు కానీ కశ్మీరు దగ్గర తూర్పు పడమర దూరాలు దాదాపు 15 శాతం ఎక్కువ వస్తాయి. ఆ సంగతి పటం మూలన రాసి పెట్టాను. 7వ తరగతి పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా.

ఈ దశ ఖర్చు 2,180. ఇప్పటికి 2,590 రూపాయలు, 25 గంటలు.

దశ 3: భూకంపాలు, ఏప్రిల్ 27

ముందు బొట్టుబిళ్ళలు పెట్టించాను. తీవ్రత 6 అయితే 6 మిల్లీమీటర్ల బిళ్ళ, 9 అయితే 9 మిల్లీమీటర్లది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, అర్థం మాత్రం పూర్తిగా తప్పు. "కిల్లారీ (మహారాష్ట్రలో ఉంది) కంటే సునామీ భూకంపం కొంచెమే పెద్దదా ఆంటీ?" అని ఐదో తరగతి బాబు అడిగేదాకా నాకు తట్టలేదు.

భూకంప తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది, రెండు అంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. అంటే 1993 కిల్లారీ 6.2 కీ, 2004 సుమత్రా 9.1 కీ మధ్య తేడా 22 వేల రెట్లకు పైనే.

బిళ్ళలు పీకేసి బియ్యం తెచ్చాను. వంటింటి కాటా మీద 100 సోనా మసూరి గింజలు 1.4 గ్రాములు తూగాయి. ఆ లెక్కన 22 వేల గింజలంటే 308 గ్రాములు.

1. కిల్లారీ దగ్గర ఒక్క గింజ.
2. భుజ్ దగ్గర (2001 జనవరి 26, తీవ్రత 7.7) 178 గింజలు. పిల్లలే లెక్కపెట్టారు, రెండుసార్లు.
3. సుమత్రా దగ్గర 308 గ్రాములు, స్టీలు గ్లాసులో.
4. ములుగు దగ్గర గింజలో 22వ వంతు. కత్తిపీట మీద కోయడం కుదరక, వేలితో ఒక నూక రవ్వ అద్దాం.

కిల్లారీ గింజను ఎక్కడ పెట్టాలో మూడో తరగతి పాప టేపుతో కొలిచింది. హైదరాబాద్ నుంచి 18 సెంటీమీటర్లు. గింజను పెట్టి, వేలు తీయకుండా గ్లాసు వైపు చూస్తూ అలాగే కూర్చుంది. సరిగ్గా అప్పుడే చెప్పాల్సిన మాట ఉంది: ఆ ఒక్క గింజకే దాదాపు పదివేల మంది పోయారు. సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ముందు రోజు గణేశ్ నిమజ్జనం చేసి వచ్చి అందరూ పడుకుని ఉన్నారు. భూకంపం పుట్టింది ఎక్కువ లోతులో కాదు. ఇళ్ళేమో మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలవి. భూకంపం ఎక్కడ వచ్చిందన్నది ఒక ప్రశ్న, దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేసి నేర్పడమే నా ప్రపంచ పటం చేసిన తప్పు.

తర్వాత 1905 కాంగ్రా, 1934 బీహార్-నేపాల్, 1950 అస్సాం, 2015 నేపాల్ పెట్టించాను. హిమాలయాల పాదాల వెంట దండలా కూర్చున్నాయి. భారత పలక, అంటే మన దేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపొర ముక్క, ఏడాదికి సుమారు 5 సెం.మీ. చొప్పున ఉత్తరానికి నెట్టుకుంటూ పోతోందని చెప్పి స్కేలు మీద ఆ 5 సెం.మీ. చూపించాను. "మరి మన గింజలు దండలో లేవే?" అన్నాడు అదే బాబు. కిల్లారీ, 1969 భద్రాచలం, 2024 ములుగు, ఇవి పలక అంచున వచ్చినవి కావు. పలక లోపలి పాత పగుళ్ళ మీద వచ్చినవి. అందుకే తక్కువగా వస్తాయి, అసలు రావు అనుకోవడానికి మాత్రం లేదు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో పిల్లలు రోజూ చూసే ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) బోర్డు వెనక జరిగే పనుల్లో ఈ కదలికల్ని కనిపెట్టడం ఒకటి. ఆ మాట చెప్పగానే వాళ్ళ ముఖాల్లో మార్పు నేను చూశాను.

ఖర్చు 40. ఇప్పటికి 2,630 రూపాయలు, 29 గంటలు. బియ్యం కడిగి వండుకున్నాం.

దశ 4: తుఫాన్లు, మే 4, మే 11

చుక్క పనికిరాదని ముందే తెలియాల్సింది. విశాఖ మీద హుద్‌హుద్ చుక్క పెడితే, వైజాగ్ రాసిన అమ్మాయే "తుఫాను అక్కడే పుట్టిందా?" అంది. తుఫానుకు పుట్టిల్లు వేరు, దారి వేరు, తీరం దాటే చోటు వేరు. అందుకే ఊలు దారం. సుల్తాన్ బజార్లో నాలుగు రంగులు తీసుకుని, రెండువైపులా అంటుకునే టేపు మీద పరిచాం.

* 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన తెచ్చిన తుఫాను
* 1999 అక్టోబరు 29, ఒడిశా సూపర్ సైక్లోన్, పారాదీప్ దగ్గర
* 2013 అక్టోబరు 12, ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర
* 2014 అక్టోబరు 12, హుద్‌హుద్, విశాఖపట్నం

పారాదీప్ సరిగ్గా వెల్క్రో కుట్టుకు 3 సెం.మీ. పైన పడింది, టేపు అక్కడ అంటదు. గుండుసూదితో కుట్టాల్సి వచ్చింది. మళ్ళీ చేస్తే షీటు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పెట్టి కుట్టును పైకి జరుపుతాను.

అసలు తప్పు 1977 దారం దగ్గర జరిగింది. మా మూడో అంతస్తు మామ్మగారిది దివిసీమ. ఆవిణ్ణి పైకి పిలిచి కుర్చీ వేశాం. నేను దారాన్ని తీసుకొచ్చి నేరుగా దివిసీమ మీద ఆపాను. ఇంటికెళ్ళి సరిచూసుకుంటే ఆ తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర, అంటే పటం మీద 5 సెం.మీ. పడమరగా. ఉప్పెన దివిసీమలో వచ్చింది కాబట్టి తుఫానూ అక్కడే దాటి ఉంటుందని నేను ఊహించేశాను.

తర్వాతి ఆదివారం ఆ సంగతి పిల్లలకు చెప్పి, దారం జరిపి, ఎందుకో చేసి చూపించాం:

1. తడిపిన పీచు ముక్కల్ని టబ్బులో నీళ్ళ మీద తేలనిచ్చాం.
2. చెక్క గరిటెతో గడియారానికి ఎదురు దిశలో తిప్పాం. మన వైపు తుఫాన్లు అలాగే తిరుగుతాయి.
3. అలా తిప్పుతూనే గరిటెను టబ్బు అంచు వైపు జరిపాం.
4. గరిటె వెళ్ళే దిక్కుకు కుడివైపున పీచు అంచుకు కొట్టుకుంది, ఎడమవైపున అంచు నుంచి వెనక్కి పోయింది.

తుఫాను చీరాల వైపు వస్తుంటే దానికి కుడిచేతి పక్కన ఉన్నది దివిసీమ. గాలి సముద్రాన్ని అటే నెట్టింది. నేను దారం తప్పు పెట్టకపోతే ఈ ప్రయోగం చేసేదాన్నే కాదు.

మామ్మగారు ఆ రోజూ వచ్చారు. నీళ్ళు తీరం దాటి పది కిలోమీటర్లకు పైగా లోపలికొచ్చాయని నేను చెబితే, ఒక పిల్ల స్కేలు పెట్టి "పటం మీద సెంటీమీటరు కూడా లేదు మామ్మా" అంది. ఆవిడ వంగి, తీరం గీత పక్కన బొటనవేలు ఆనించారు. వేలి కింద నాగాయలంక, అవనిగడ్డ, అన్నీ దాగిపోయాయి. "ఇంతేనమ్మా. ఇంతలోనే మావాళ్ళంతా ఉండేవాళ్ళు" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆవిడే "ఇప్పుడైతే నాలుగు రోజుల ముందే చెబుతున్నారు నాన్నా, చెప్పినప్పుడు వెళ్ళిపోవాలి" అన్నారు.

నాలుగు దారాలూ అక్టోబరు, నవంబరుల్లోనే ఉన్నాయని కనిపెట్టింది ఆరో తరగతి అమ్మాయి. సముద్రం పైపొర 26.5 డిగ్రీల కంటే వేడిగా ఉంటేనే తుఫాను బలపడుతుంది. వానాకాలం నడుమ నెలల్లో వేడికి లోటుండదు కానీ, పైన ఒక గాలి, కింద ఒక గాలి వేర్వేరు దిక్కుల్లో బలంగా వీచి తుఫానును నిలబడనివ్వవు. అందుకే మన పెద్ద తుఫాన్లు వానాకాలానికి ముందు, మే చుట్టుపక్కల, లేకపోతే వానాకాలం పోయాక వస్తాయి.

సునామీకి ప్రత్యేకంగా ఏమీ కొనలేదు. సుమత్రా దగ్గర గ్లాసు పెట్టిన చోటు నుంచి చెన్నై దాకా 170 సెం.మీ., అలకు పట్టింది రెండు గంటలకు పైగా. గంటకు ఒక నిమిషం చొప్పున ఒక బాబు అడుగులో అడుగేసి నడిచాడు. ఆ రెండు గంటల్లో మన తీరానికి కబురు అందలేదు. ఇప్పుడా కబురు పంపే సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి మన ప్రగతి నగర్లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లోనే ఉంది.

ఖర్చు 250. ఇప్పటికి 2,880 రూపాయలు, 36 గంటలు.

దశ 5: భయం, మే 12 నుంచి 17

ఇది ప్రణాళికలో లేని దశ. కిల్లారీ గింజ పెట్టిన పాప రాత్రిళ్ళు చెప్పులేసుకుని పడుకుంటానంటోందని వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నాకు చాలా బాధేసింది. ఎక్కడ వస్తుందో చెప్పాను, వస్తే ఏం చేయాలో చెప్పకుండా ఇంటికి పంపేశాను.

మార్చినవి:

1. మృతుల సంఖ్యలు పటం మీద నుంచి తీసేశాను. పెద్ద పిల్లలు అడిగితే నోటితో చెబుతాను.
2. ప్రతి గుర్తు పక్కన చేతిలో పట్టేంత లామినేషన్ కార్డు. ఒక్కోదాని మీద ఒక్క పనే.
3. గుర్తు పెట్టిన పిల్లే ఆ పని చేసి చూపించాలి. చేయకుండా తర్వాతి గుర్తుకు వెళ్ళకూడదు.

కార్డులు: భూమి ఊగితే బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్ల కాలు పట్టుకోవాలి. సముద్రం ఉన్నట్టుండి వెనక్కిపోతే చూస్తూ నిలబడకుండా ఎత్తుకు పరుగెత్తాలి. తుఫాను మధ్యలో గాలి ఆగితే అయిపోయిందనుకోకూడదు, అది తుఫాను కన్ను, రెండో వైపు గాలి ఇంకా రావాలి. ఉరిమితే చెట్టు కింద నిలబడకూడదు, చివరి ఉరుము విన్నాక అరగంట లోపలే ఉండాలి. పారే వరద నీళ్ళలో అడుగు పెట్టకూడదు, కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉండొచ్చు.

పాప బల్ల కింద దూరడం పదకొండుసార్లు చేసింది. ఆ వారంలో చెప్పులు మంచం కిందికి చేరాయని వాళ్ళమ్మ చెప్పింది.

ఖర్చు 240. ఇప్పటికి 3,120 రూపాయలు, 41 గంటలు.

దశ 6: ఎండ, మే 18

పటం పరిచి పదకొండింటికి మొదలుపెడదామంటే పిల్లలు కాళ్ళు ఆనించలేకపోయారు. ఏసీ మెకానిక్ దగ్గర ఉష్ణోగ్రత చూసే గన్ అరువు తెచ్చి కొలిచాం: సిమెంటు గచ్చు 53 డిగ్రీలు, నీలం మార్కరు నింపిన సముద్రం 50, తెల్ల ఫ్లెక్సీ 42, నీళ్ళ ట్యాంకు నీడలో గచ్చు 36. అదే మేడ, అదే నిమిషం, 17 డిగ్రీల తేడా. ఆ అంకెలే ఆ రోజు పాఠం. క్లాసు అప్పటి నుంచి ఆరూ ముప్పావుకు మార్చాం.

వడగాలికి చుక్కా లేదు, దారమూ లేదు. పాత నారింజ రంగు చున్నీలు మూడు తెచ్చి తెలంగాణ, కోస్తా, రాయలసీమ, విదర్భ, ఒడిశా, ఉత్తరాది మైదానాల మీద పరిచాం. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. తీరంలో అంకె తక్కువ కనిపించినా ఉక్కకు చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండకు పోయారు, ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. కూలిపనికి, ఉపాధి పనికి ఎండలో వెళ్ళేవాళ్ళకే ఈ చున్నీ ముందు తగులుతుందని పిల్లలకు విడిగా చెప్పాను. వడగాలి కంటికి పెద్దగా కనిపించదు, అందుకే స్టిక్కరు పటాల్లో దీనికి చోటుండదు.

ఖర్చు లేదు. 44 గంటలు.

దశ 7: మూసీ ట్రే, మే 16 నుంచి జూన్ 1

1 సెం.మీ.కి 12 కి.మీ. పటం మీద హైదరాబాద్ మొత్తం 4 సెంటీమీటర్లు. మన వరద ఈ వీధిలో వస్తుంది, పక్క వీధిలో రాదు. దానికి వేరే కొలత కావాలి. నర్సరీలో మొక్కల ట్రేలు రెండు కొన్నాను.

మొదట ఇసుక నింపాను. అర లీటరు పోసేసరికి ఇసుకంతా జారి కిందికొచ్చేసింది. ఎర్రమట్టి వేసి, గరిక నాటి, పద్నాలుగు రోజులు ఆగి మళ్ళీ చేశాం. ఒక చివర ఇటుక పెట్టి 7 సెం.మీ. ఎత్తాం. చిల్లుల డబ్బాతో నిమిషంలో 1 లీటరు వాన. రెండు నిమిషాల్లో కిందికి చేరిన నీళ్ళు, మూడుసార్ల సగటు:

* గరిక ఉన్న పొడి మట్టి: 240 మి.లీ.
* అదే మట్టి మీద వెంటనే రెండో లీటరు: 610 మి.లీ.
* మట్టిని ప్లాస్టిక్ షీటుతో కప్పితే, అంటే మన సీసీ రోడ్డు: 880 మి.లీ.

రెండో అంకె దగ్గర పిల్లలు ఎక్కువ సేపు ఆగారు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తున్న పిల్లలున్నారు, సెల్లార్లో స్కూటర్లు మునిగాయి. తడిసిన నేల మీద, నిండిన చెరువుల మీద పడే వాన వేరు.

తర్వాత ట్రే దిగువన అగ్గిపెట్టెలతో ఇళ్ళు పెట్టాం. పై నుంచి లీటరు పోస్తే ఐదు కొట్టుకుపోయాయి. నాలుగో తరగతి అబ్బాయి ఎగువన బొటనవేళ్ళతో రెండు గుంటలు నొక్కి, మళ్ళీ పోయమన్నాడు. ఒక్కటే కదిలింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది పోయాక, విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన కట్టినవి వాడు నొక్కిన ఆ రెండు గుంటలే, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికిన సంగతి చెబితే, చెట్టు ఇంకా ఉందా అని అందరూ ఒకేసారి అడిగారు. ఉంది.

ఖర్చు 450. ఇప్పటికి 3,570 రూపాయలు, 53 గంటలు.

దశ 8: అదే చీటీ, జూన్ 8

మొదటి రోజు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాను. వచ్చింది 12 మంది. ఏడుగురు మూసీ లేదా మన వీధి నాలా, నలుగురు ఎండ, ఒకరు ములుగు. జపాన్ ఎవరూ రాయలేదు. ఎండ రాసిన నలుగురిలో ఒకమ్మాయి కింద "వాచ్‌మెన్ అంకుల్ గది రేకులది" అని కూడా రాసింది. ఆ చీటీ కమిటీ మీటింగుకు తీసుకెళ్ళాను. రేకుల మీద తెల్ల సున్నం కొట్టించడానికి ఒప్పుకున్నారు.

మిగిలిన పని కొండచరియలు. 2024 జులై 30న వయనాడ్‌లో జరిగింది గుర్తు పెట్టడానికి గింజా కుదరలేదు, దారమూ కుదరలేదు. దానికి వాలు కావాలి. కాగితపు గుజ్జుతో కనుమలు చేద్దామని లెక్క వేస్తే, 2 వేల మీటర్ల కొండ మన స్కేల్లో 1.7 మిల్లీమీటర్లే వచ్చింది. ఎత్తు పెంచి చేస్తే పిల్లలకు తప్పు కొలత చూపించినట్టే. కాబట్టి నేల పటం మీద చేయను, మూడో ట్రే కొంటాను. వాలు 20, 30, 40 డిగ్రీలకు మార్చుతూ, వేళ్ళున్న మట్టి, వేళ్ళు తీసేసిన మట్టి పక్కపక్కన పెట్టి, ఎంత నీటికి జారుతుందో కొలవాలి. గరిక జూన్ 10న నాటాలి.